'తొలి మహిళ' అని రాసే ముందు

తమ్ముడూ,

సుసానా డిన్నేజ్ మీద నువ్వు పంపిన వార్తాకథనం చూశాను. హెడ్డింగే తప్పు. 'ప్రీమియర్ లీగ్ పగ్గాలు చేపట్టిన తొలి మహిళ' అన్నావు. ఆమె చేపట్టలేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అగ్రస్థాయి పోటీ అయిన ఆ లీగ్, ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఆమెను ఎంపిక చేసినట్టు 2018 నవంబరు 13న ప్రకటించింది. మరుసటి ఏడాది మొదట్లో చేరాల్సి ఉంది. డిసెంబరు 30న, ఆమె రావడం లేదని అదే లీగ్ చెప్పింది. ఎంపికవడం వేరు, నియామకం వేరు, బాధ్యతలు స్వీకరించడం వేరు. మనకు మూడు మాటలుండి కూడా మూడు చోట్లా 'పగ్గాలు' అనేస్తాం.

'ఒత్తిడి తట్టుకోలేక తప్పుకున్నారు' అన్న వాక్యం నీకెక్కడ దొరికింది? లీగ్ ప్రకటనలో కారణం లేదు. కొట్టేయ్. ఆమె తర్వాత 2019 అక్టోబరులో ఎంపికైన డేవిడ్ పెమ్‌సెల్ కూడా కుర్చీలో కూర్చోకుండానే నవంబరులో తప్పుకున్నారు. అప్పటిదాకా తాత్కాలికంగా నడిపిస్తున్న రిచర్డ్ మాస్టర్స్‌కే చివరికి పదవి ఖాయమైంది. ఈ రెండు వాక్యాలు చేరిస్తే డిన్నేజ్ ఉదంతాన్ని ఆడవాళ్ల బలహీనతగా ఎవరూ చదవరు.

ఇక అసలు లోటు. ఆమె గురించి నాలుగు పేరాలు రాశావు, ఆ కుర్చీ గురించి ఒక్క ముక్కా లేదు. మన పాఠకుడికి ప్రీమియర్ లీగ్ అనగానే ఐపీఎల్ గుర్తొస్తుంది. అది బీసీసీఐ చేతిలోది. ఇంగ్లండ్‌ది అలా కాదు. 20 క్లబ్బులే వాటాదారులుగా ఉన్న కంపెనీ అది. క్లబ్బుకు ఒక వాటా, ఒక ఓటు. సీజన్ చివర కింది డివిజన్‌కు పడిపోయిన మూడు క్లబ్బులు తమ వాటాలను పైకొచ్చిన మూడింటికి అప్పజెప్పాలి. నిబంధన మార్చాలంటే 14 ఓట్లు కావాలి. అంటే ఏడు క్లబ్బులు ఒక్కటైతే చాలు, ఏ అధికారి ప్రతిపాదనైనా అటకెక్కుతుంది. ఆ పదవిలో ఉన్నవాళ్లు 20 మంది యజమానుల దగ్గర పనిచేసే ఉద్యోగులు. జాతీయ జట్టు, ఎఫ్ఏ కప్ అనే పోటీ ఆ దేశపు ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్ఏ) చేతిలోవి. రిఫరీలకు వేరే సంస్థ ఉంది. 'రిఫరీయింగ్‌ను చక్కదిద్దుతారా?' అన్న నీ ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

మరి ఆ కుర్చీకి దక్కే పనేమిటి? ప్రధానంగా ప్రసార హక్కులు అమ్మడం. అందుకే డిస్కవరీ సంస్థలో యానిమల్ ప్లానెట్‌ను నడిపిన మనిషిని ఎంచుకున్నారు. నువ్వేమో ఇంట్రోలో 'పులుల నుంచి ఫుట్‌బాల్‌కు' అని చమత్కరించావు. చమత్కారం బాగానే ఉంది కానీ, విషయం దాని కిందపడి నలిగిపోయింది. 2019-22 కాలానికి బ్రిటన్‌లో హక్కులు అప్పటికే అమ్ముడయ్యాయి: స్కైకి ఏటా 128 మ్యాచ్‌లు, బీటీకి 52, అమెజాన్‌కు 20. అవి ముగిశాక ఎలా అమ్మాలన్నదే అప్పట్లో కొత్తగా వచ్చేవాళ్ల పరీక్ష. వ్యాసానికి వెన్నెముక అది.

డబ్బు లెక్క కూడా సరిచూడు. 1999 నుంచి లీగ్‌ను నడిపి 2018లో దిగిపోయిన రిచర్డ్ స్కుడమోర్‌కు క్లబ్బులిచ్చిన వీడ్కోలు సొమ్ము '5 కోట్ల పౌండ్లు' అని రాశావు. 5 మిలియన్ అంటే 50 లక్షలు. అందులో ఒక్కో క్లబ్బు ఇచ్చింది రెండున్నర లక్షల పౌండ్లు, ఇరవైతో గుణించి చూసుకుంటే తప్పు అక్కడే దొరికేది.

'ప్రపంచంలోనే తొలి మహిళ' మరీ ప్రమాదం. ఫ్రాన్స్ లీగ్ అధ్యక్షురాలిగా నతాలీ బ్వా ద లా టూర్ 2016లోనే ఎన్నికయ్యారు. అయితే అది అధ్యక్ష పదవి, రోజువారీ నిర్వహణ వేరొకరిది. ఇంగ్లండ్‌లోనూ ఈ తేడా ఉంది. 2023 ఆరంభంలో అలిసన్ బ్రిటెన్ లీగ్ అధ్యక్ష స్థానంలోనే చేరారు. అంతకుముందు క్లాడియా ఆర్నీ తాత్కాలికంగా అదే స్థానంలో ఉన్నారు. కాబట్టి 'తొలి' అన్నావంటే ఏ దేశం, ఏ పదవి, తాత్కాలికమా పూర్తిస్థాయిదా అన్నవి దాని పక్కనే ఉండాలి. నిర్వహణ కుర్చీలో నిజంగా కూర్చున్న ఉదాహరణ కావాలంటే జర్మనీకి వెళ్లు. రెండు డివిజన్ల 36 క్లబ్బుల సంస్థకు డొనాటా హోప్‌ఫెన్ 2022 జనవరి 1న వచ్చి, ఆ ఏడాది చివరికే వెళ్లిపోయారు. అంతకుముందున్న క్రిస్టియన్ జైఫర్ట్ 2005 నుంచి నడిపారు. ఈ రెండు పదవీకాలాలూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

భాషలో ఒక్కటే పట్టింపు. స్కుడమోర్ 'అన్నారు', డిన్నేజ్ 'చెప్పింది' అని రాశావు. స్పోర్ట్స్ పేజీలో ఆటగాళ్లను ఏకవచనంలో రాసే అలవాటు వల్ల జరుగుతుందిది, కానీ వీళ్లిద్దరూ అధికారులు. ఆయనకు ఇంటిపేరు, ఆమెకు 'సుసానా' అన్నది కూడా అలాంటిదే. 'ఆకాశంలో సగం', 'పురుషాధిక్య కోట' నేనే తీసేశాను.

హెడ్డింగ్ ఆరు మాటల్లోపు మార్చి, రాత్రి ఎనిమిదిలోగా పంపు. ఫొటో కింద పదవి పేరు ముందు 'ఎంపికైన' అన్న మాట మరిచిపోకు.