కువైట్‌లో ఇంటి డ్రైవర్ రోజు ఎలా గడుస్తుంది?

మీ తమ్ముడికి కువైట్‌లో ఇంటి డ్రైవర్ వీసా వచ్చిందని, అక్కడి ఎండకు తట్టుకోగలడా, రోజంతా ఎలా ఉంటుంది, నెలకు ఎంత మిగులుతుంది అని అడిగారు. మాది రాజంపేట వైపు. మా పల్లెల్లో కువైట్‌కు మనిషిని పంపని ఇల్లు వెతికినా దొరకదు. నేను ఒక కువైటీ ఇంట్లో కొన్నేళ్లు డ్రైవర్‌గా చేశాను. 2024 జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఇంటి వీసా వాళ్లను కంపెనీ వీసాకు మారనిచ్చారు. మా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒప్పుకోవడంతో అప్పుడు మారాను. అందుకని రెండు రకాల బతుకూ తెలుసు.

ముందు ఎండ సంగతి చెప్పేస్తాను. ఇంట్లోవాళ్లు ఎక్కువ భయపడేది దానికే. ఇంటి డ్రైవర్‌ను తక్కువ బాధపెట్టేదీ అదే. కువైట్‌లోని మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది, అంత ఎండ మన దగ్గర ఎవరూ చూసి ఉండరు. కానీ డ్రైవర్‌కు బండిలో ఏసీ, రూమ్‌లో ఏసీ. ఎండ పిండేసేది బిల్డింగ్ పనివాళ్లను, రోడ్డు పనివాళ్లను, బైకు మీద పార్సిళ్లు తిప్పే పిల్లలను. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేయించకూడదని అక్కడ రూలు ఉంది. అయినా సాయంత్రం 5 దాటాక కూడా గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

డ్రైవర్‌కు ఆ ఎండ తెలిసేది ఎక్కువగా బాత్రూమ్‌లో. నీళ్ల ట్యాంకు మేడ మీద ఉంటుంది కాబట్టి జూలైలో చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకే వేసవి రాగానే గీజర్ స్విచ్ తీసేస్తాం. గీజర్‌లో నిలవున్న నీళ్లు గది నీడకు కాస్త చల్లబడతాయి. వేణ్నీళ్ల కుళాయి తిప్పి ఆ నీళ్లతోనే స్నానం చేస్తాం. అవి అయిపోతే మళ్లీ కొన్ని గంటలు ఆగాల్సిందే. మీ తమ్ముడికి ఇది ఇప్పుడే చెప్పి పంపండి, మొదటి వారం ఒళ్లు కాల్చుకోకుండా ఉంటాడు.

ఇంటి డ్రైవర్‌కు అసలు కష్టం వేరే ఉంది. టైము తన చేతిలో ఉండదు. ఆదివారం నుంచి గురువారం దాకా బడి. తెల్లవారుజామున లేచి బండి మీద రాత్రి పడిన దుమ్ము కడిగి, ఏడు లోపు పిల్లలను దింపాలి. తర్వాత మేడమ్‌ను ఆఫీసుకో, వాళ్లమ్మ గారింటికో తీసుకెళ్లాలి. జమియాలో (పేటలోని సహకార సూపర్‌మార్కెట్‌లో) సరుకులు, లాండ్రీ, గ్యాస్ సిలిండర్, మధ్యాహ్నం మళ్లీ బడి. భోజనం అయ్యాక ఇంటివాళ్లంతా పడుకుంటారు, మనకు నడుం వాల్చే సమయం అదొక్కటే. సాయంత్రం మళ్లీ మొదలు. మాల్‌కు, ఆస్పత్రికి, చుట్టాల ఇళ్లకు, రాత్రి బాబాను (ఇంటి యజమానిని) దివానియాకు, అంటే మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటికి. అక్కడ వాళ్లు కూర్చుంటే ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతుంది.

స్టీరింగ్ పట్టుకునే గంటలు నిజానికి తక్కువ, ఎదురుచూసే గంటలే ఎక్కువ. అవెన్యూస్ మాల్ పార్కింగ్‌లో ఏ రాత్రి చూసినా డ్రైవర్లు గుంపులుగా కనిపిస్తారు. మనవాళ్లు, మలయాళీలు, శ్రీలంక వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు. సగం హిందీ సగం అరబీలో మాట్లాడుకుంటారు. ఒకడు ఫ్లాస్కులో టీ తెస్తే నలుగురు పంచుకుంటారు. ఫోన్ మోగి "తాల్" (రా) అన్న ఒక్క మాట వినపడగానే కప్పు పక్కన పెట్టి పరుగెత్తాలి. మేడమ్ ఏ గేటు దగ్గరుందో చెప్పదు, ఆమె ఎక్కడ కారు దిగిందో మనమే గుర్తుంచుకోవాలి. తాల్, రూహ్ (వెళ్లు), యమీన్ (కుడి), యసార్ (ఎడమ), వక్కిఫ్ (ఆపు) లాంటి మాటలు వెళ్లకముందే నేర్చుకుంటే మొదటి నెల టెన్షన్ సగం తగ్గుతుంది.

రంజాన్ నెలలో రాత్రి పగలు తారుమారవుతాయి. ఇల్లంతా తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీ దాకా మేలుకునే ఉంటుంది, డ్రైవరూ మేలుకునే ఉండాలి. పగలు బయట ఎవరికీ కనబడేలా మంచినీళ్లు కూడా తాగకూడదు, జరిమానా గానీ జైలు గానీ పడొచ్చు. మన మతం ఏదైనా సరే ఇది పాటించాలి. అయితే ఆ నెలలో భోజనానికి లోటుండదు. మా ఇంట్లో ఇఫ్తార్ పళ్లెం ముందు మాకు పంపాకే పెద్దాయన తినేవాడు. మచ్‌బూస్ (మాంసంతో వండే అన్నం), హరీస్ (గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించేది) మొదట్లో చప్పగా అనిపిస్తాయి గానీ నెల తిరిగేసరికి అలవాటవుతాయి.

ఎడారి ఎలా ఉంటుందో తెలిసేది చలికాలంలో. నవంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా కువైటీలు ఎడారిలో ఖైమాలు, అంటే గుడారాలు, వేసుకుంటారు. గుడారాలు, జనరేటర్, నీళ్ల డ్రమ్ములు, కట్టెలు, కార్పెట్లు అన్నీ మోసుకెళ్లి పరిచేది డ్రైవర్లూ పనివాళ్లే. జనవరి రాత్రి ఆ ఖాళీ నేలలో చలి ఎముకల్లోకి దిగుతుంది. గల్ఫ్ అంటే ఎండే కదా అని పల్చటి చొక్కాలతో వచ్చినవాళ్లు నానా అవస్థ పడతారు. పెట్టెలో ఒక స్వెటర్, ఒక మంకీ క్యాప్ తప్పకుండా పెట్టండి.

ఇక డబ్బు. నాకు తెలిసిన ఇంటి డ్రైవర్లలో ఎక్కువమందికి జీతం 100 నుంచి 150 దినార్ల మధ్య ఉంటుంది. దినారు విలువ 250 రూపాయలు దాటి చాలా కాలమైంది, ఆదాయపు పన్ను లేదు, రూమ్ వాళ్లదే. తిండి వాళ్లు పెడతారా, డబ్బులిస్తారా అన్నది ముందే మాట్లాడుకోవాలి. బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడితో సహా అన్నీ దొరుకుతాయి కానీ సొంతంగా వండుకుంటే నెలకు ఇరవై ముప్పై దినార్లు సులువుగా పోతాయి. ఇంకో మాట కూడా ముందే తేల్చుకోవాలి: ట్రాఫిక్ జరిమానా ఎవరు కడతారు? 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త చట్టం వచ్చింది. బండి నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, రెడ్ లైట్ దాటితే 150 దినార్లు. అంటే ఒక్క సిగ్నల్‌తో నెల జీతం పోయినట్టే. అందులోనూ అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా మొదటి నెల మెల్లగానే నడపమనండి.

శుక్రవారం సెలవు దొరికే ఇల్లు అయితే మనిషి నిలబడతాడు. చాలామంది ఇంటి పనివాళ్లు నలుగురైదుగురు కలిసి ఫర్వానియాలోనో ఖైతాన్‌లోనో ఒక శుక్రవారం రూమ్ పెట్టుకుంటారు. ఆ రోజు చికెన్ వండుకుని, కువైట్ సిటీలోని మాలియా వెళ్లి మనవాళ్లను కలిసి, ఎక్స్‌ఛేంజ్‌లో ఇంటికి డబ్బు కట్టి వస్తారు. రూమ్ తీసుకునేటప్పుడు మెట్లు, బయటికి దారి చూసుకోమనండి. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్‌కు నిప్పంటుకుని 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన ఆంధ్ర వాళ్లు ముగ్గురు. ఆ వారమంతా మా రూముల్లో ఎవరికీ నిద్ర లేదు.

ఇంటికి ఫోన్ చేయడానికి కూడా లెక్క వేసుకోవాలి. మనకంటే అక్కడ రెండున్నర గంటలు వెనక. డ్రైవర్ రాత్రి తొమ్మిదికి ఖాళీ అయితే ఇక్కడ పదకొండున్నర, పిల్లలు నిద్రపోయి ఉంటారు. వీలైన వేళ తనే చేస్తాడు, ఎత్తలేదని మీరు కోపం తెచ్చుకోకండి.

కాగితాల విషయం మాత్రం ఓపిగ్గా చదవండి. వీసా మీద ఆర్టికల్ 20 అని ఉంటే ఇంటి వీసా, 18 అయితే కంపెనీ వీసా. ఇంటి పనివాళ్లకు 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఏడాదికి ఒక నెల జీతంతో సెలవు ఇవ్వాలి. పని ముగించి వచ్చేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలి. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ ప్రతి ఇంట్లో అమలవుతాయని నేను చెప్పను, మా ఇంట్లోనే 12 గంటల లెక్క ఎవరూ చూడలేదు. కానీ తెలిసిన మనిషి అడగగలడు, ఎంబసీకి వెళ్లినా తన మాట గట్టిగా చెప్పగలడు. కంపెనీ వీసాకూ దాని ముడి దానికుంది: 2025 జూలై 1 నుంచి 18 వీసా వాళ్లు దేశం దాటాలంటే కంపెనీ ఆన్‌లైన్‌లో అనుమతి ఇవ్వాలి.

ఎవరైనా "ఆజాద్ వీసా, కఫీల్‌కు ఏడాదికి ఇంత కట్టి బయట నచ్చిన పని చేసుకోవచ్చు" అంటే అక్కడే ఆపేయండి. వీసా ఎవరిదో వాళ్ల దగ్గరే పని చేయాలి. బయట దొరికితే పట్టుకుని దేశం నుంచి పంపించేస్తారు. ఇంట్లో కష్టంగా ఉందని చెప్పకుండా పారిపోయినా అంతే. కఫీల్ కేసు పెడితే అకామా (అక్కడ ఉండే అనుమతి) పోతుంది, ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతాడు. అలా అయినవాళ్లు జ్వరం వచ్చినా ఆస్పత్రికి పోలేరు, ఇంట్లో చావు జరిగినా రాలేరు. నేను కళ్లారా చూసిన బాధల్లో ఇదే పెద్దది. ఇబ్బంది ఉంటే ఆ ఇంటి గడప దాటక ముందే ఎంబసీకి ఫోన్ చేయాలి.

మీ తమ్ముడు పదో తరగతి పాస్ కాకపోతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని ఉంటుంది. అప్పుడు మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైట్‌లో అనుమతి తీసుకునే వెళ్లాలి. అదే సైట్‌లో ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో చూడొచ్చు. ఏజెంట్ తన ఫీజుగా 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్ష, లక్షన్నర అడుగుతుంటే రసీదు అడిగి చూడండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా కట్టించండి, ప్రమాదంలో ఏదైనా జరిగితే 10 లక్షలు వస్తుంది, ప్రీమియం వందల్లోనే.

బయల్దేరే ముందు వీసా, కాంట్రాక్ట్, పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, కఫీల్ ఫోన్ నంబరు అన్నీ ఫోటో తీసి మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. అక్కడ బతాకా (గుర్తింపు కార్డు) చేతికొచ్చిన రోజే దాని ఫోటో కూడా మీకు పంపమనండి. అదే ఇంట్లో ఇప్పటికే పనిచేస్తున్న మనిషి నంబరు దొరికితే టికెట్ కొనక ముందే మాట్లాడించండి. శుక్రవారం సెలవు ఇస్తారా, జీతం ఏ తారీఖున పడుతుంది, పాత డ్రైవర్ ఎందుకు వెళ్లిపోయాడు అని ఈ మూడూ అడగమనండి.