గ్రీన్‌ల్యాండ్ గనుల్లో పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరం. గ్రీన్‌ల్యాండ్‌లో రేర్ ఎర్త్ (నియోడిమియం వంటి లోహాలు), యురేనియం నిక్షేపాల మీద పనిచేస్తానంటున్నాడు. ఏ చదువు చదివించాలి? – ఓ తల్లి, కడప జిల్లా

జవాబు: మీవాడి ఆసక్తి మంచిదేనమ్మా. కానీ ఒక్క నిక్షేపాన్ని నమ్ముకుని చదువు ఎంచుకోవద్దు. గ్రీన్‌ల్యాండ్‌లో నార్సాక్ పట్టణం పక్కనున్న క్వానెఫెల్డ్ నిక్షేపం సంగతే చూడండి. దాదాపు వంద కోట్ల టన్నుల రాయి, అందులో 1.1 శాతం దాకా రేర్ ఎర్త్ ఆక్సైడ్లు. అయినా గని మొదలు కాలేదు. రేర్ ఎర్త్‌లు, యురేనియం, థోరియం అక్కడ ప్రధానంగా స్టీన్‌స్ట్రూపిన్ అనే ఒకే ఖనిజంలో కలిసి ఉన్నాయి. యురేనియాన్ని ముట్టుకోకుండా మిగతావి తీయడం కుదరదు. 2021లో గ్రీన్‌ల్యాండ్ చేసిన చట్టం ప్రకారం సగటు యురేనియం 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాటితే అన్వేషణ కూడా చేయకూడదు. క్వానెఫెల్డ్ కంపెనీ లెక్కల్లో కనిపించే 266 పీపీఎం అనేది యు3ఓ8 అనే యురేనియం ఆక్సైడ్‌ది, అంటే ఆక్సిజన్ బరువు కూడా కలిపి. 1.179తో భాగిస్తే యురేనియం సుమారు 225 వస్తుంది. ఆ లెక్కలోనూ పరిమితికి రెట్టింపు పైనే.

అదే శిలాసముదాయంలోని మరో రేర్ ఎర్త్ నిక్షేపం టాన్‌బ్రీజ్‌లో యురేనియం తక్కువ. అక్కడి ఖనిజం యూడియలైట్. ఆమ్లంలో తేలిగ్గానే కరుగుతుంది కానీ సిలికా జెల్లీలా గడ్డకట్టి ఫిల్టర్లను మూసేస్తుంది. ఇలాంటి చిక్కులు విప్పగలిగినవాడికి ఏ దేశంలోనైనా పని ఉంటుంది.

కాబట్టి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్‌లో జియాలజీ పేపర్ రాసి ఎమ్మెస్సీలో చేరమనండి. ఖనిజశాస్త్రం, భూరసాయన శాస్త్రం గట్టిగా పట్టాలి. రాతిలో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే ఐసీపీ-ఎంఎస్ పరీక్షకు రాతి పొడిని ఎలా కరిగించాలో తన చేతులతో నేర్చుకోవాలి. మొండి ఖనిజాలు మామూలు ఆమ్లాల్లో పూర్తిగా కరగవు, ఫలితం తక్కువ చూపిస్తుంది. అందుకే ఫ్యూజన్ చేస్తారు, అంటే పొడిని ఫ్లక్స్ అనే రసాయనంతో కలిపి బాగా వేడిచేసి కరిగిస్తారు. రేడియేషన్‌ను కొలిచే గామా స్పెక్ట్రోమీటర్ కూడా యురేనియాన్ని నేరుగా చూడదు, దాని నుంచి పుట్టిన బిస్మత్-214ను లెక్కిస్తుంది. మధ్యలో రాడాన్ వాయువు తప్పించుకుంటే అంకె తప్పుతుంది.

తర్వాత గేట్‌లో జియాలజీ రాస్తే హైదరాబాద్ బేగంపేటలోని అణు ఖనిజాల సంచాలకత్వం, ఏఎండీ వైపు దారి ఉంది. మీ జిల్లా తుమ్మలపల్లెనే గమనించమనండి. అక్కడ యురేనియం డోలమైట్ రాతిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుంది, అందుకే క్షారంతో తీస్తున్నారు. గ్రీన్‌ల్యాండ్ సమస్యలు అర్థం కావడానికి ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు.

విదేశానికే వెళ్లాలనుకుంటే ఒక మాట. గ్రీన్‌ల్యాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా డెన్మార్క్ వర్క్ పర్మిట్ అక్కడ చెల్లదు, విడిగా తీసుకోవాలి. ఫీల్డ్ పని ఎక్కువగా వేసవి నెలల్లోనే సాగుతుంది కాబట్టి ఒప్పందం ఏడాదికా, సీజన్‌కా అన్నది సంతకానికి ముందే అడగాలి.