సువార్త చెప్పడం సెమినరీ తరగతి గదిలో వస్తుందా?

ప్రశ్న వేసినవారు వచ్చే సెమిస్టర్ నుంచి సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే కళాశాలలో, సువార్త ప్రకటన పాఠం చెప్పబోతున్నారట. వ్యక్తిగత సువార్తకు ఎక్కువ సమయం ఇవ్వాలా, సంఘం ద్వారా చేసే సువార్తకు ఇవ్వాలా, ఏ పద్ధతి నేర్పితే విద్యార్థులకు భయం పోతుంది అని అడిగారు. నేను పద్నాలుగేళ్లుగా ఈ పాఠమే చెబుతున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. విద్యార్థిని ఒక సంఘానికి అప్పగించండి. ఆ సంఘంలో సువార్త చెప్పే అలవాటున్న ఒక విశ్వాసి వెంట రెండేళ్లు తిరగనివ్వండి. ఇది కుదిరితే ఏ పద్ధతైనా పనికొస్తుంది. ఇది లేకపోతే ఎంత మంచి పద్ధతైనా బట్టీ పాఠమే.

ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే నేను రెండో సంవత్సరం చదువుతున్నప్పటి ఒక శనివారం గురించి చెప్పాలి.

మాకు శనివారం సువార్తకు వెళ్లడం, సోమవారం రిపోర్టు ఇవ్వడం నియమం. రిపోర్టు కాగితంలో మూడు గడులు ఉండేవి: ఎంతమందికి చెప్పారు, ఎన్ని కరపత్రాలు ఇచ్చారు, ఎంతమంది యేసును నమ్ముతామని తీర్మానం చేసుకున్నారు. ఆ వారం నాతో రావాల్సిన క్లాస్‌మేట్‌కు జ్వరం వచ్చింది. పాస్టర్ గారు సంఘంలోని ఒక పెద్దావిడను తోడు పంపారు. ఆవిడ బట్టలు కుడతారు. సంఘంలో లేచి నిలబడి మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడే పని నాదే అనుకుని బయల్దేరాను.

మేం వెళ్లిన ఇంట్లో అరవై దాటిన ఒకాయన నేల మీద కూర్చుని కుట్టుమిషన్ విప్పుతున్నాడు. పాత న్యూస్‌పేపర్ పరిచి, తీసిన స్క్రూలను తీసిన వరసలోనే పేర్చుకుంటున్నాడు. నేను నమస్కారం పెట్టి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే మొదలుపెట్టాను. “ఈ రాత్రే మీరు చనిపోతే పరలోకానికి వెళ్తానన్న నిశ్చయం మీకుందా అండీ?”

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. “మా ఆవిడ పోయి ఏడు వారాలైంది బాబూ. ముందు తను ఎక్కడుందో చెప్పు” అన్నాడు.

పాపం గురించి, రక్షణ గురించి చెప్పే వచనాలు, రోమీయులకు రాసిన పత్రికలోంచి 3:23, 6:23, 5:8, 10:9, వరసగా నాకు నోటికి వచ్చు. ఆ గదిలో ఒక్కటి కూడా నోటి దాకా రాలేదు. ఏదో ఒకటి చేయాలన్న కంగారులో బ్యాగులోంచి కరపత్రం తీయబోయాను. పెద్దావిడ నా చేయి పట్టుకుని ఆపారు. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, “ఈ మిషన్ ఆవిడదేనా అన్నయ్యా? ఆవిడ పేరేంటి?” అని అడిగారు.

ఆయన గంటకు పైగా మాట్లాడాడు. ఆవిడ ఎవరెవరికి ఏమేం కుట్టిపెట్టిందో చెప్పాడు. వాడకపోతే మిషన్ తుప్పు పట్టిపోతుందని, అది తుప్పు పడితే తను తట్టుకోలేనని చెప్పాడు. పెద్దావిడ ఒక్కో స్క్రూ వరస తప్పకుండా అందిస్తూ విన్నారు. ఆయన మళ్లీ ఆ ప్రశ్నే అడిగితే, “అది నాకు తెలియదు అన్నయ్యా. దేవుడు ఎవరికీ అన్యాయం చేయడని మాత్రం తెలుసు” అన్నారు. లేచే ముందు, “మీకు ఇష్టమైతే ప్రార్థన చేస్తాను” అన్నారు. ఆయన తలూపాడు. ఆ చిన్న ప్రార్థనలో ఆయన భార్య పేరు ఉంది, పిల్లల పేర్లు ఉన్నాయి.

సోమవారం నేను రిపోర్టు రాశాను. చెప్పినవారు 1, కరపత్రాలు 0, తీర్మానం 0. ఆయన పేరు రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

పెద్దావిడ మరుసటి వారం మిషన్ నూనె తీసుకుని మళ్లీ వెళ్లారు. తర్వాత కూడా వెళ్తూనే ఉన్నారు. చాలా నెలలకు ఆయనే యేసు గురించి అడిగాడట. అప్పుడు పాపం, సిలువ, పునరుత్థానం అన్నీ దేన్నీ తగ్గించకుండా చెప్పారట. ఆ సంగతి ఆవిడ నాకు ఫోన్‌లో చెప్పారు, ఎందుకంటే అప్పటికి నా చదువు అయిపోయి నేను వేరే ఊళ్లో ఉన్నాను. వ్యక్తిగత సువార్తా, సంఘ సువార్తా అని మీరు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇదే. చెప్పేది ఒక మనిషే, కానీ విద్యార్థి వెళ్లిపోతాడు, సంఘం అక్కడే ఉంటుంది. సమస్త లోకానికి సువార్త అందాలంటే సమస్త సంఘమూ కదలాలని అనేక దేశాల క్రైస్తవ నాయకులు స్విట్జర్లాండ్‌లో కూడి చేసుకున్న 1974 లోజాన్ ఒడంబడికలో రాసుకున్నారు. మన సిలబస్ మాత్రం ఇంకా విద్యార్థి ఒక్కడి చుట్టూనే తిరుగుతోంది.

నేను ఆ రోజు అడిగిన ప్రశ్న చెడ్డదని అనడం లేదు. అది డి. జేమ్స్ కెనడీ అనే అమెరికా పాస్టర్ 1962లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో మొదలుపెట్టిన ఎవాంజెలిజం ఎక్స్‌ప్లోజన్ శిక్షణ నుంచి వచ్చింది. ఆయన కూడా సెమినరీలో చదివినవారే. అయినా తొలినాళ్లలో ఆయన సంఘం 45 మంది నుంచి 17 మందికి తగ్గిపోయింది. మరో పాస్టర్ వెంట ఇళ్లకు వెళ్లి, ఆయన ఎలా మాట్లాడుతున్నారో పక్కన కూర్చుని చూశాకే కెనడీకి ఆ పని పట్టుబడింది. అందుకే తన శిక్షణలో అనుభవమున్న ఒకరి వెంట ఇద్దరు నేర్చుకునేవాళ్లను పంపేవారు. మన సెమినరీలు ఆ ప్రశ్నను తెచ్చుకుని, వెంట వెళ్లే మనిషిని వదిలేశాయి. నాకు బాధ అక్కడే. లూకా 10లో యేసు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపాడని పరీక్షలో మార్కులు వేస్తాం, చాలాచోట్ల విద్యార్థిని మాత్రం ఒంటరిగా పంపేస్తాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. గ్రీకుకు, హెబ్రీకి, ప్రసంగ శాస్త్రానికి సెమిస్టర్లకు సెమిస్టర్లు ఇస్తారు. సువార్తకు వారానికి రెండు గంటలు, అదీ మధ్యాహ్నం అందరూ నిద్రమొహాలతో ఉన్నప్పుడు. పాఠం చెప్పే మాస్టారు ఆఖరిసారి ఎవరితో సువార్త పంచుకున్నారో విద్యార్థులకు తెలియదు. ఇప్పుడు ఫొటోలు తోడయ్యాయి. ప్రార్థన చేస్తుంటే పక్కనుంచి ఒకడు ఫోన్‌తో ఫొటో తీయడం నేను కళ్లారా చూశాను. ఏడుస్తున్న మనిషి మొహం మన వార్షిక నివేదికకు ఎందుకు?

మా దగ్గర ఇప్పుడు మొదటి సెమిస్టర్‌లో విద్యార్థి ఎక్కడా సువార్త చెప్పడు. సంఘం చూపించిన విశ్వాసి వెంట వెళ్లి వింటాడు. మొదట్లో చాలామందికి ఇది అవమానంగా ఉంటుంది, ముఖ్యంగా బాగా మాట్లాడతామన్న పేరున్నవాళ్లకు. వాళ్లతో అపొస్తలుల కార్యములు 8 చదివిస్తాను. రథంలో లేఖనం చదువుకుంటూ వెళ్తున్న ఐతియోపీయుణ్ణి ఫిలిప్పు ముందు ప్రశ్న అడిగాడు, ఆయన పిలిచాకే రథం ఎక్కాడు, ఆయన చదువుతున్న చోటునుంచే మొదలుపెట్టాడు. యోహాను సువార్తలో నీకొదేముతో కొత్త జన్మ గురించి మాట్లాడిన యేసు, తర్వాతి అధ్యాయంలోనే సమరయ స్త్రీని తాగడానికి నీళ్లు అడిగాడు. మనుషులు వేరైతే మొదటి మాట కూడా వేరవుతుంది.

తరగతి గదిలో చేయించే పనుల్లో నాకు బాగా నమ్మకమున్నది ఒకటుంది. రక్షణ, విమోచన, నీతిమంతులుగా తీర్చబడటం, కృప అనే మాటలు వాడకుండా పదేళ్ల పిల్లవాడికి సువార్త చెప్పమంటాను. మూడో సంవత్సరం వాళ్లకు కూడా రెండో వాక్యంలోనే చెమటలు పడతాయి. తమ సాక్ష్యం మూడు నిమిషాల్లో చెప్పడం కూడా ఇలాగే చేయిస్తాను. అపొస్తలుల కార్యములు 26లో పౌలు అగ్రిప్ప ఎదుట ముందు ఎలా ఉన్నాడో, దారిలో ఏం జరిగిందో, తర్వాత ఏం మారిందో చెప్పిన వరసనే పట్టుకోమంటాను. సాక్ష్యం సాగదీస్తే వినేవాళ్లకు మన పాత పాపాలే గుర్తుంటాయి, యేసు కాదు.

భయం సంగతి అడిగారు కదా. ఆ టెన్షన్‌లో సగం తీర్మానాల లెక్క వల్ల వచ్చేదే. ఆ గడి తీసేస్తే సగం పోతుంది. మనిషి విశ్వాసానికి ఎంత దూరంలో ఉన్నాడో చూపడానికి జేమ్స్ ఎంగెల్ 1970లలో గీసిన మెట్ల పట్టీని ఒకసారి విద్యార్థులకు చూపించండి. దేవుడున్నాడని మాత్రం తెలిసిన మనిషి మైనస్ 8 దగ్గర ఉంటాడు, విశ్వాసంలోకి రావడానికి ముందు చాలా మెట్లు ఎక్కాలి. మన విద్యార్థి కలిసిన రోజు ఆ మనిషి ఒక్క మెట్టు ఎక్కినా అది పనే. వద్దు అన్నవాళ్లను వదిలేయడం కూడా నేర్పాలి. జబ్బుతో మంచం మీదున్నవాళ్ల దగ్గర, మన సహాయం మీద ఆధారపడినవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, వాళ్లు మొహమాటానికి అవునంటారు. సాత్వికంతో జవాబు చెప్పమని పేతురు తన మొదటి పత్రిక 3:15లో రాసింది ఇలాంటి చోట్ల కోసమే.

కాబట్టి సిలబస్ తర్వాత రాసుకోండి. ఈ నెలలోనే దగ్గర్లోని నాలుగైదు సంఘాల పాస్టర్లను కలిసి, మీ సంఘంలో జనం తమ కష్టం ఎవరికి చెప్పుకుంటారని అడగండి. వాళ్లు చెప్పే పేర్లు చాలాసార్లు కమిటీలో ఉన్నవాళ్లవి కావు. విద్యార్థిని వాళ్లకే అప్పగించండి. చదువు ముగిసి విద్యార్థి వెళ్లిపోయే నెలలో, తను కలుస్తున్న ప్రతి ఇంటికీ ఆ విశ్వాసిని వెంటబెట్టుకుని ఇంకోసారి వెళ్లాలని నియమం పెట్టండి. మా రిపోర్టు కాగితంలో ఇప్పుడు మొదటి గడి పేరుకు, రెండోది వాళ్లు అడిగిన ప్రశ్నకు, మూడోది వచ్చే వారం వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తున్నారన్నదానికి.