చెప్పు జారినట్టు తెలుస్తోందా?

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రాత్రి రెండుసార్లు చదివాను. జాలరిపేట నుంచి కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చిన ముసలాయన, వెంట వచ్చిన కోడలు చక్కగా కుదిరారు. డాక్టరు రాగానే కథ పట్టు తప్పింది. సుత్తితో మోకాలి మీద ఒక్క దెబ్బ కొట్టి "పక్షవాతం" అనేశాడు. అంత తొందరగా తేల్చరమ్మా. రెండో మోకాలు కూడా కొట్టి, రెండూ ఎగిరిన తీరు పోల్చి చూస్తేనే ఆ దెబ్బకి అర్థం.

అసలు నరాల పరీక్ష మంచం దగ్గర మొదలవదు. రోగి గుమ్మంలోంచి నడిచొస్తుంటేనే మొదలవుతుంది. తర్వాత అడిగే ప్రశ్నలు చూడు. అన్నం కలుపుకోగలుగుతున్నావా తాతా? కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేస్తున్నావా? మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే తూలుతోందా? నడుస్తుంటే చెప్పు జారుతోందా, జారినట్టు తెలుస్తోందా? తెలిసి జారితే పాదంలో బలం తగ్గిందేమోనని, తెలియకుండా జారితే స్పర్శ పోయిందేమోనని అనుమానిస్తారు.

మా నాన్నగారికి షుగర్ ఉండేది. ఓ సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఆయన ఎడమ చెప్పు ఊడి వెనకే ఉండిపోయింది. ఆయన మాట్లాడుకుంటూ పది అడుగులు వెళ్ళిపోయారు. నేను చెప్పు తెచ్చి తొడిగి, పరధ్యానం అనుకున్నాను. అప్పటికే కథలు రాస్తున్నవాణ్ణి. కళ్ళెదుట జరిగింది గుర్తుపట్టలేదని ఇప్పటికీ బాధే.

నీ సీనులో ముసలాయన్ని కళ్ళు మూసుకోమను. అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ ముందుకు చాపమను. ఇరవై సెకన్లు ఎవరిచేతా మాట్లాడించకు. వలలు లాగిన చేతులవి. కుడిది కదలదు. ఎడమ అరచెయ్యి మెల్లగా లోపలికి తిరిగి, చెయ్యి కిందికి దిగుతుంది. ఆయనకి తెలియదు, కోడలు చూస్తూనే ఉంటుంది. డాక్టరు ఆ చెయ్యి ముట్టుకుంటే, "ఎత్తే ఉంచాను గదా బాబూ" అంటాడు.

అరికాలి సంగతీ సరిచెయ్యి. సూదితో గుచ్చినట్టు రాశావు. గుచ్చరు. మొద్దు మొనతో మడమ దగ్గర్నుంచి పాదం బయటి అంచు వెంట చిటికెన వేలి మొదలుదాకా వచ్చి, బొటనవేలి వైపు మళ్ళిస్తూ గీస్తారు. మామూలుగా వేళ్ళు కిందికి ముడుచుకుంటాయి. బొటనవేలు పైకి లేచిందంటే మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారిలో ఎక్కడో దెబ్బ తగిలిందన్నమాట. 1896లో బాబిన్‌స్కీ అనే పారిస్ డాక్టరు చెప్పిన గుర్తు ఇది. ఏడాది నిండని పసిపాపల్లో మాత్రం అలా లేవడం మామూలే. కోడలి ఒళ్ళో పాపని పెట్టావుగా, ఆ పాదం నీకు పనికొస్తుంది.

మూతి వంకర గురించి ఒక్క మాట. కనుబొమలు ఎత్తమన్నప్పుడు నుదుటి ముడతలు రెండువైపులా పడితే పక్షవాతాన్ని అనుమానిస్తారు. మూతి జారిపోయిన వైపే నుదురూ నున్నగా ఉండిపోతే తప్పు ఎక్కువగా ముఖం నరంలోనే.

రోగం పేరు డాక్టరు నోట పలికించకు. కోడలు చూసిందే రాసి, ఆదివారంలోగా పంపు.

నీ మాస్టారు