కణకవచమా, కణత్వచమా?

సందేహం: “కరోనా వైరస్ కణకవచాన్ని చీల్చుకొని మన కణంలోకి చొరబడుతుంది” అని ఒక వ్యాసంలో చదివాను. మా పాప పాఠంలో ‘కణత్వచం’ అని ఉంది. రెండూ ఒకటేనా? ‘చొచ్చుకొనిపోతుంది’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

సమాధానం: ఒకటి కావు. కణకవచం మొక్కలకు, శిలీంద్రాలకు, చాలా బ్యాక్టీరియాలకు ఉండే గట్టి గోడ. మనిషి కణానికి అది లేదు, ఉన్నది త్వచమే. చర్మాన్ని త్వక్కు అంటాం కదా, త్వచమూ ఆ ఇంటి మాటే. ‘కణపొర’ అంటే ఇంకా మేలు. కొవ్వు అణువులు రెండు వరసలుగా అమరిన మెత్తటి పొర అది. మందం 10 నానోమీటర్ల లోపే. కరోనా వైరస్ అడ్డుకొలత దాదాపు 100 నానోమీటర్లు.

ఆ వాక్యంలో పెద్ద తప్పు ‘చీల్చుకొని’. ఇక్కడ చీలేది ఏమీ లేదు. వైరస్ మీది కొమ్ము ప్రోటీను ముందు కణం మీదున్న ‘ఏసీఈ2’ అనే గ్రాహకానికి (బయటి అణువులను పట్టుకొనే ప్రోటీనుకు) అతుక్కొంటుంది. తర్వాత దారులు రెండు. కణం పైనే ఒక ఎంజైము ఆ కొమ్మును కత్తిరిస్తే వైరస్ పొరా కణత్వచమూ ఒకటైపోతాయి, చారు మీద తేలే రెండు నూనెచుక్కలు తగులుకోగానే కలిసినట్టు. (వైరస్ పొర కూడా అంతకుముందటి కణం దగ్గర ఎరువు తెచ్చుకొన్నదే. సబ్బుకు చెదిరేది అదే.)

రెండో దారిలో, ఓళిగకు పిండిని పూర్ణం చుట్టూ మూసినట్టు, త్వచం లోపలికి గుంటపడి, వైరస్‌ను చుట్టుకొని, తిత్తిగా తెగి లోపలికి పోతుంది. ఫ్లూ వైరస్‌ది ఎక్కువగా ఇదే దారి. తిత్తిలో ఆమ్లత పెరిగి పీహెచ్ (ఆమ్లత పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5 దగ్గరికి దిగాకే దాని పొర తిత్తి పొరతో కలుస్తుంది, జన్యుపదార్థం బయటపడుతుంది. అందాకా వైరస్ కణంలో ఉన్నా పొరకు అవతలే ఉన్నట్టు లెక్క. ఇక్కడ వ్యాకరణంలో కర్త కూడా మారుతుంది: లోపలికి తీసుకొనేది కణం.

కొవ్వు పొర లేని పోలియో వైరస్ మాత్రం తిత్తి పొరకు రంధ్రం చేసి తన ఆర్ఎన్ఏను అవతలికి పంపుతుంది. దానికి ‘చొప్పించు’ సరిగ్గా అతుకుతుంది.

‘చొచ్చు’, ‘చొరబడు’ ఒక ధాతువు పిల్లలే. ‘చొచ్చుకొనిపోవు’లో బాణం, గునపం లాంటి ఊపు ఉంది, వైరస్‌కు ఆ ఊపు లేదు. ‘చొరబడు’లో పిలవని రాక ఉంది కాబట్టి అది ఉండనివ్వవచ్చు. మన వైపు ‘దూరు’ కూడా చక్కటి మాటే. వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: “కరోనా వైరస్ కణత్వచం మీది గ్రాహకానికి అతుక్కొని, త్వచంతో కలిసిపోయో, కణమే తనను మింగితేనో లోపలికి దూరుతుంది.”