చిన్నికి, పోల్టావా యుద్ధానికి ముందు

చిరంజీవి చిన్నికి, పెద్దమామయ్య దీవెనలు.

మీ అమ్మ నిన్న ఫోనులో ఏడ్చినంత పని చేసింది. "పిల్ల రాత్రి రెండింటి దాకా సీసపు సిపాయిలకు రంగులేస్తోంది అన్నయ్యా, భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచేసింది, మేం నేల మీద కూర్చుని తింటున్నాం" అంది. ఏ యుద్ధం అని అడిగితే "పోల్టావానో ఏదో, ఒక్కతే ఆడుతుందట" అంది. ఆమె ముందు అయ్యో అన్నాను గానీ ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను మరి. ఆ తర్వాత దిగులు పట్టుకుంది. మొదటి పెద్ద ఆటే పోల్టావా, 1709లో స్వీడన్, రష్యాలు తలపడ్డ యుద్ధం, అదీ ఎదుట మనిషి లేకుండా!

ముందు తిట్లు. బ్రష్ మొనను నోట్లో పెట్టుకుని సన్నం చేస్తున్నావట. ఇవాళే మానేయి. పాత బొమ్మల లోహంలో సీసం ఉంటుంది. ఆకురాయితో అంచులు రుద్దితే రేగే పొడి ఒంట్లోకి పోతే మళ్లీ తేలిగ్గా బయటికి రాదు. తడిపి రుద్దు, కింద కాగితం పరుచు, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకు. ఆకురాయి పని ఆ భోజనాల బల్ల మీద అసలే వద్దు. రంగుకు ముందు పూత వేసే ప్రైమర్ స్ప్రేను గ్యాస్ పొయ్యి దరిదాపులకు తేకు. డాబా మీదకు పోయి, గాలికి వీపు పెట్టి కొట్టుకో. రాత్రి రెండింటికి కళ్లు పొడుచుకుని వేసిన బొత్తాలు పగలు చూస్తే వంకరగానే ఉంటాయి, పడుకో.

రంగుల సంగతి నీకు చెప్పనక్కర్లేదు. స్వీడన్ వాళ్లకు నీలం కోట్లు, పసుపు మడతలు. రష్యన్లందరినీ ఒకే ఆకుపచ్చలో ముంచకు. 1709లో వాళ్ల రెజిమెంట్లన్నీ ఒకే రంగులో లేవు. స్వీడిష్ బెటాలియన్లో (కొన్ని వందల సిపాయిల దళం) మూడోవంతు మంది చేతుల్లో పొడవాటి బల్లేలు ఉండాలి. ఫ్రాన్స్ 1703లోనే బల్లేన్ని వదిలేసి తుపాకీ మొనకు బాయ్‌నెట్ కత్తి తగిలించుకుంది గానీ, స్వీడన్ వాళ్లు వదల్లేదు. దగ్గరికి వెళ్లేదాకా కాల్చకుండా నడిచి, ఒక్కసారి పేల్చి, కత్తులూ బల్లేలతో మీద పడటం వాళ్ల పద్ధతి. నీ నిబంధనల్లో వాళ్లను దూరం నుంచి కాల్పులు జరిపే సైన్యంగా మార్చావంటే నీలం రంగు వేసి కూడా దండగ. బొమ్మలు 28 మిల్లీమీటర్లవైతే మీ బల్ల చాలదు. 6 మిల్లీమీటర్లవి కొనుక్కో, బారులు బారులుగా ఉంటాయి.

నన్నడిగితే ముందు ఒక్క సాయంత్రంలో ముగిసే ఆట ఆడు. 1704 ఆగస్టు 13న ఫ్రెంచి వాళ్లు పట్టుకున్న బ్లెన్‌హీమ్ ఊరి మీదికి ఇంగ్లీషు బ్రిగేడియర్ రో తన దళాన్ని నడిపించాడు. తన కత్తి కంచెకు తగిలేదాకా ఎవరూ పేల్చకూడదన్నాడు. కత్తి తగిలింది, అతనూ పడిపోయాడు. ఒక ఊరు, ఒక కంచె, కొన్ని బెటాలియన్లు, అంతే. మొత్తం యుద్ధం జోలికి వెళ్లకు. అక్కడ ఫ్రెంచి దళపతి క్లెరంబో, తన పై సేనాపతి తలార్‌ను అడగకుండానే వెనకున్న బెటాలియన్లను కూడా ఊళ్లో కుక్కేశాడు. 27 బెటాలియన్లు తుపాకీ ఎత్తే సందు లేక నిలబడిపోయాయి. చేతిలో పటం ఉన్న ఏ ఆటగత్తె ఆ పని చేస్తుంది చెప్పు?

నా అసలు దిగులు అక్కడే. ఒంటరి ఆటలో రెండు వైపులా నువ్వే. నీకు అన్నీ తెలుసు. యుద్ధంలో ఎవరికీ ఏమీ తెలియదు. ఈ మాట పోల్టావాలో స్వీడన్ దళపతి రూస్ కథతో చెబితే తప్ప నాకు నిద్ర పట్టదు.

1709 జూలై 8. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ కాలికి అప్పటికే గుండు తగిలి మంచం మీద మోసుకుపోతున్నారు. సైన్యం రేన్షోల్డ్ చేతిలో ఉంది. పదాతి దళం లేవెన్‌హౌప్ట్‌ది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. రష్యన్ శిబిరానికి ముందు మట్టి కోటలు: అడ్డంగా ఆరు, వాటి నుంచి స్వీడన్ వాళ్ల వైపుకు పొడుచుకొచ్చినట్టు నాలుగు. ఈ చివరి వాటిలో రెండు ఇంకా పూర్తికాలేదు. చీకట్లో వాటి సందుల్లోంచి ఆగకుండా దాటిపోయి శిబిరం ముందు తేలాలన్నది ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. చెప్పవలసిన వాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పదాతి దళాన్ని నడిపే లేవెన్‌హౌప్ట్‌కే అంతా తెలియదు.

రూస్ ఎదుట ఉన్న పూర్తికాని కోటలు రెండూ పడ్డాయి. మూడోది లొంగలేదు. మిగతా సైన్యం పక్కనుంచి దాటిపోతోంది. కోటలను ఒక్కొక్కటే పట్టుకోవడమే తన పని అనుకున్నాడు రూస్. నిచ్చెనలు లేవు, ఫిరంగుల సాయం లేదు (ఆ రోజు సైన్యమంతటికీ వాళ్లు తెచ్చుకున్న ఫిరంగులు నాలుగే). మళ్లీ మళ్లీ ఎక్కించాడు, మళ్లీ మళ్లీ పడిపోయారు. ఆరు బెటాలియన్లు, అంటే మొత్తం పదాతి దళంలో మూడోవంతు, ఆ ఒక్క మట్టిగుట్ట దగ్గర ఇరుక్కుంది. వెయ్యిమందికి పైగా పోయాక వెనక్కి తగ్గి చూస్తే తన సైన్యం ఎక్కడుందో తెలియదు. అటు రేన్షోల్డ్ రూస్ ఎక్కడని మనుషుల్ని పంపుతూ, శిబిరానికి పడమరగా గంటల తరబడి కాచుకున్నాడు. చివరికి రూస్ రష్యన్లకు లొంగిపోయాడు. మిగిలిన వాళ్లతోనే లేవెన్‌హౌప్ట్ రష్యా రాజు పీటర్ సైన్యం మీదికి నడిచాడు.

నువ్వు బల్ల మీదికి వంగి చూస్తుంటే రూస్ తప్పిపోతాడా? నీ చేయి ఊరుకోదు, బొమ్మను సందులోకి జరిపేస్తుంది. స్వీడన్ గెలుస్తుంది, నువ్వు నాకు ఫోను చేసి సంబరపడతావు, నేను తిడతాను.

కాబట్టి ఒక్కో దళానికి ఒక్కో కవరు పెట్టు. ఆ దళపతికి తెలిసినంతే అందులో రాయి, నీకు తెలిసింది కాదు. కొత్త కబురు పంపాలంటే గుర్రపు బొమ్మ ఒకటి బయలుదేరాలి, ఒక్కో వంతుకు పన్నెండు అంగుళాలకు మించి పోకూడదు. చేరగానే పాచిక వెయ్యి: ఒకటి పడితే మనిషి దారి తప్పాడు, రెండైతే కబురు అందింది గానీ అర్థం కాలేదు. పీటర్ శిబిరంలోనే ఉంటాడా, బయటికి వస్తాడా, ఎప్పుడు వస్తాడు? మూడు పథకాలు మూడు కవర్లలో పెట్టి కలిపేయి. స్వీడన్ సందులు దాటాకే ఒకటి తెరువు. పాచిక ఒకసారి పడ్డాక మళ్లీ వేయకు. నీలం కోటు మీద నీకు మోజెక్కువని నాకు తెలుసు.

నవ్వుకో, ఈయన స్టేషన్ మాస్టర్ బుద్ధి పోలేదని. పోదు. పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చన్న అనుమతి, వచ్చిందంటే సరిపోయేది కాదు. ఆ మాట నిజమేనని రుజువుగా ఇచ్చే ప్రైవేట్ నంబర్ అడగాలి, రాసుకోవాలి, తిరిగి చదివి వినిపించాలి. అన్నేళ్లు అలా బతికినవాడికి కబురు అందని రూస్ కలలోకి వస్తాడు.

మీ అత్తయ్య ఉన్నప్పుడు శత్రువు పాచికలు తనే వేసేది. ఆమెకు ఏ బొమ్మ ఎవరో తెలిసేది కాదు. ఏ బొమ్మ ఎందుకు కదలడం లేదని అడిగితే "ఆయనకు ఇంకా తెలియదు" అనేవాణ్ణి. "పాపం, ఎవరైనా వెళ్లి చెప్పండి" అనేది. తను పోయాక కవర్లతో ఆడుతున్నాను. బాగానే ఉంటుంది. కానీ నీ వయసులో అలా ఆడటం నాకంత ఇష్టం లేదు.

1824లో ప్రష్యా సైన్యం కోసం రైస్విట్జ్ తయారుచేసిన యుద్ధపు ఆటలో మధ్యవర్తి ఉండేవాడు. ఎవరికి ఏం కనిపిస్తుందో, ఏ కబురు ఎప్పుడు అందుతుందో అతనే చెప్పేవాడు. ఆ పని మీ అమ్మకు ఇవ్వు. ఆమెకు పీటర్ ఎవరో, చార్లెస్ ఎవరో తెలియదు, ఇంతకన్నా నిష్పక్షపాతి నీకు దొరకదు. కవర్లు ఆమె దగ్గరే పెట్టించు. కూరలో పోపు వేస్తూ మూడోది తెరవమంటే మూడోదే తెరువు. బల్ల మాత్రం రెండు రోజుల్లో ఖాళీ చేసి ఇవ్వాలి, ఆ ఒప్పందం ముందే చేసుకో.

ఒప్పుకోకపోతే నాకు ఫోను చెయ్యి, రాత్రి పదిలోపు. నేను ఇక్కడ పాచిక వేసి అంకె చెబుతాను. నువ్వు తిరిగి చదివి వినిపిస్తేనే రెండోది వేస్తాను.

మీ
పెద్దమామయ్య