విండ్‌సాక్ ఎదురుగాలే చూపిస్తోంది, అయినా ఎందుకు ఆపారు?

ప్రశ్న: ఈమధ్యే పారాగ్లైడింగ్ కోర్సు పూర్తి చేశాను. మొన్న మధ్యాహ్నం టేకాఫ్ దగ్గరికి వెళ్తే యాప్‌లో గాలి గంటకు 12 కిలోమీటర్లే అని ఉంది, విండ్‌సాక్ (గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం) కూడా టేకాఫ్‌కు కావాల్సిన ఎదురుగాలే చూపిస్తోంది. అయినా మా ఇన్‌స్ట్రక్టర్ గ్లైడర్ మడిచేయమన్నారు. పక్కన ఇద్దరు ఎగిరి క్షేమంగానే దిగారు. ఆయనది అతి జాగ్రత్తా?

జవాబు: కాదండీ. ఆ ఇద్దరూ క్షేమంగా దిగినంత మాత్రాన గాలి బాగున్నట్టు కాదు.

యాప్ చూపించే 12 సగటు మాత్రమే. అదే 12 దగ్గర నిలకడగా వీస్తే హాయిగా ఎగరొచ్చు, కానీ 5కి పడిపోయి అంతలోనే 25కి లేస్తుంటే కూడా సగటు ఇంచుమించు అలాగే కనబడుతుంది. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుందని మర్చిపోకండి.

ఇక విండ్‌సాక్ సంగతి. మధ్యాహ్నం ఎండకు వాలు వేడెక్కి థర్మల్స్ (వేడెక్కి పైకి లేచే గాలి) లేస్తుంటే, అసలు గాలి కొండ వెనక నుంచి వస్తున్నా సరే, టేకాఫ్ దగ్గర మాత్రం కింద నుంచి పైకి ఎదురుగాలే తగులుతుంది. మీరు నిలబడ్డది గాలి చాటున అన్నమాట, కాస్త ముందుకు వెళ్లగానే పైనుంచి సుడులు తిరిగే రోటర్‌లో పడతారు, గ్లైడర్ ముడుచుకుపోయేది అక్కడే. విండ్‌సాక్ కాసేపు నిండుగా ఉబ్బి, కాసేపు నీరసంగా వేలాడి, ఉన్నట్టుండి ఒక్కసారి లోయ వైపు తిరిగిందా? తిరిగితే అనుమానించాల్సిందే. మేఘాల నీడలు నేల మీద ఎటు పాకుతున్నాయో కూడా చూడండి. మీ వెనక నుంచి లోయ వైపు పోతుంటే పైగాలి ఎటుందో తెలిసిపోతుంది.

మేఘాలు వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ పెరుగుతుంటే మాత్రం అసలు చర్చే వద్దు. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర ఎవా విష్నియెర్‌స్కా అనే పారాగ్లైడింగ్ పైలట్‌ను ఉరుముల మేఘం దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తుకు లాగేసింది. స్పృహ తప్పి, ఒంటి మీద మంచు పేరుకుని, ఎలాగో ప్రాణాలతో దిగారు. అదే తుఫానులో చిక్కుకున్న చైనా పైలట్ బతకలేదు. ఎవా పోటీల్లో ఆరితేరిన పైలట్, అయినా మేఘం బలం ముందు ఆ అనుభవం చాలలేదు.

ఈసారి వెళ్లగానే బ్యాగు విప్పకండి, ఓ 20 నిమిషాలు ఊరికే కూర్చుని గాలిని చూడండి. హార్నెస్ వేసుకుని హెల్మెట్ బిగించాక మనసు ఎగరడానికే కారణాలు వెతుకుతుంది, నాకూ అలాగే అవుతుంది, అందుకే నిర్ణయం అంతకు ముందే తీసుకోవాలి. ఇంకొక్కటి, మొన్న ఏ గుర్తు చూసి వద్దన్నారో మీ ఇన్‌స్ట్రక్టర్‌నే అడగండి, సంతోషంగా చెబుతారు.